హైదరాబాద్‌లో ఎవరూ చూడని చోట్లు: ఒక గైడ్ రోజూ వినే అపోహలు

"అన్నా, చార్మినార్ అయిపోయింది, గోల్కొండ అయిపోయింది. ఇంకేమన్నా కొత్తది చూపించు." పాతబస్తీలో గైడ్ పని చేసేవాళ్లకి ఈ మాట రోజూ వినపడేదే. అడిగేవాళ్లలో విజయవాడ నుంచో, విశాఖ నుంచో వచ్చినవాళ్లుంటారు. అమెరికా నుంచి సెలవులకి పిల్లల్ని వెంటేసుకొచ్చినవాళ్లుంటారు. నిజం చెప్పాలంటే ఎక్కువమంది మాత్రం ఏళ్ల తరబడి కూకట్‌పల్లిలోనో, దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఉంటున్నవాళ్లే. వాళ్లందరికీ నేను మొదట చెప్పేది ఒకటే: ఈ ఊళ్లో ఎవరో దాచిపెట్టిన చోట్లంటూ ఏమీ లేవు. అన్నీ రోడ్డు పక్కనే ఉన్నాయి. ఏ వేళకి వెళ్లాలో, గేటు దగ్గర ఎవర్ని అడగాలో తెలియక జనం దాటిపోతుంటారు.

అపోహ: తెలియని చోట్లు చూడాలంటే ఊరి బయటికి పోవాలి

చార్మినార్ దగ్గర నిలబడి ఉత్తరం వైపు నడవండి, చాలు. కాస్త దూరంలో గుల్జార్ హౌజ్ వస్తుంది. ఆ ఫౌంటెన్‌కి నాలుగు దిక్కులా నాలుగు కమాన్లు. ముత్యాల దుకాణాల బోర్డుల మధ్య, ఆటోల హారన్ల మధ్య తలెత్తి చూసేవాళ్లు తక్కువ. అక్కణ్నుంచి పత్తర్‌గట్టి రాతి వరండాల కింద నడుచుకుంటూ మదీనా చౌరస్తా దాకా వెళ్తే, ఆ దగ్గర్లోనే బాద్‌షాహీ అషుర్‌ఖానా ఉంది. 1591లో చార్మినార్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షాయే, ఆ తర్వాత కొన్నేళ్లకే మొహర్రం సంతాపం కోసం దీన్ని కట్టించాడు.

లోపల గోడలకి రంగురంగుల మెరుగు పెంకులు పొదిగారు. నీలం, పసుపు, ఆకుపచ్చ, తెలుపు. ఒక గోడ మీద తేనెపట్టు గదుల్లా ఆరు పలకల డిజైన్, ఇంకో చోట పీరు ఆకారంలో ఎత్తయిన బొమ్మ. దూరం నుంచి చూస్తే గోడంతా ఒకేలా ఉంటుంది. దగ్గరికి వెళ్లండి. పై భాగంలో పెంకుల అంచులు, వాటి మీద వెలుతురు తెలుస్తాయి. కింద కొంత మేర పెంకు ఉండదు, అదే డిజైన్‌ని రంగుతో గీశారు. 1908 మూసీ వరదలో పెంకులు దెబ్బతింటే తర్వాత చేసిన పని అది. పెంకు ఎక్కడ ఆగి రంగు ఎక్కడ మొదలైందో చూపించగానే, అప్పటిదాకా ఫోన్ చూసుకుంటున్న పిల్లలు కూడా గోడ దగ్గరికి వస్తారు.

ఆ వరద గుర్తు ఇంకొకటి కావాలంటే నది దాటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోకి వెళ్లాలి. అక్కడో చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న దాని కొమ్మలెక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. వరద నీటిని ఆపే జలాశయాలుగా 1920లో గండిపేట, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. మనం కారేసుకుని పిక్నిక్‌కి వెళ్లే గండిపేట కట్టకీ, ఈ చింతచెట్టుకీ సంబంధం ఉందంటే చాలామంది నమ్మరు. ఒక్క మాట: అది ఆస్పత్రి. పదిమంది గుంపుగా వెళ్లి సెల్ఫీలు దిగే చోటు కాదు. ఇద్దరు ముగ్గురు వెళ్లి, చూసి వచ్చేయండి.

అపోహ: చార్మినార్ కింద నుంచి గోల్కొండకి సొరంగం ఉంది

ఉందని చెప్పే గైడ్‌కి టిప్పు ఎక్కువొస్తుంది, ఆ సంగతి మాత్రం నిజం. అలాంటి సొరంగాన్ని ఇంతవరకూ ఎవరూ కనిపెట్టి చూపించలేదు. రెండింటికీ మధ్య దూరం ఒకటే కాదు, మూసీ కూడా ఉంది. ఆ నది దాటడానికే గదా, చార్మినార్ కంటే ముందే, 1578లో ఇబ్రహీం కులీ పురానాపూల్ కట్టించింది!

సొరంగం కోసం వెతికే బదులు పైనున్న అసలు దారి పట్టుకోండి. గోల్కొండ నుంచి కార్వాన్ మీదుగా పురానాపూల్ దాటి చార్మినార్‌కి రావాలి. వజ్రాల వర్తకులు, గుర్రాల బేరగాళ్లు తిరిగిన దారి ఇది. ఇప్పుడు ఇరుకు రోడ్డు, రెండు పక్కలా దుకాణాలు, తోపుడుబళ్లు. ఆ దారిలో కార్వాన్‌లో టోలీ మసీదు తగులుతుంది. 1671లో మూసా ఖాన్ కట్టించాడు. మక్కా మసీదు పని చూసిన అధికారి ఆయన. ఆ పనిలో ఖర్చయిన ప్రతి రూపాయికీ ఒక దమ్డీ (చిన్న నాణెం) చొప్పున ఆయనకి ముట్టిందనీ, ఆ డబ్బుతోనే ఇది కట్టాడనీ చెప్పుకుంటారు. అందుకే దీన్ని దమ్డీ మసీదు అని కూడా అంటారు. కథ సంగతి ఎలా ఉన్నా, మినార్ల మీద సున్నపు పని చూస్తే డబ్బు ఎక్కడ పెట్టాడో తెలుస్తుంది. మక్కా మసీదుకి వెళ్లే జనంలో వందో వంతు కూడా ఇక్కడికి రారు.

గోల్కొండ సంగతీ అంతే. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొట్టి, పైదాకా పరుగెత్తి, ఫొటో దిగి వచ్చేస్తారు. మెట్లెక్కేటప్పుడు పక్క గోడల్లోకి చూస్తే విరిగిన మట్టి గొట్టాలు కనిపిస్తాయి. కొండ మీదికి నీళ్లు అంచెలంచెలుగా చక్రాలతో తోడి, తొట్టెల్లో నింపి, ఈ గొట్టాల్లో పంపేవాళ్లు. కోట చూసొచ్చిన ఇంజినీరింగ్ పిల్లల్ని అడిగితే చప్పట్ల గురించి చెప్తారు, నీళ్ల గురించి చెప్పరు. ఆ తప్పు పిల్లలది కాదు, మా గైడ్లదే.

అపోహ: సమాధుల్లో చూడ్డానికి ఏముంటుంది?

ఇది ఎక్కువగా ఇంటి పెద్దవాళ్లు అనే మాట. "పండగపూట సమాధులేంటి నాయనా" అంటారు. వాళ్లని ఒప్పించి సంతోష్‌నగర్ దగ్గరున్న ‘పైగా’ అనే నవాబుల వంశం సమాధులకి తీసుకెళ్తే, తిరిగి బయల్దేరదీయడమే కష్టం.

నిజాం తర్వాత అంతటి హోదా పైగా వంశానిది. నిజాం కుటుంబంతో వియ్యాలు కూడా ఉండేవి. ఫలక్‌నుమా కట్టించింది పైగా నవాబు వికారుల్ ఉమ్రాయే. ఇప్పుడది హోటల్, ఒక పూట టీకి ఎంతవుతుందో అందరికీ తెలుసు. అదే నవాబు నిద్రపోతున్న చోటికి మాత్రం దారి అడిగే నాథుడు లేడు.

సందులోంచి లోపలికి వెళ్లగానే పెద్దగా ఏమీ కనపడదు. ఇంకాస్త ముందుకెళ్తే సున్నంతో చేసిన నగిషీ గోడలు మొదలవుతాయి. తీగలు, పూలు, కలశాలు. వాటి మధ్య జాలీలు, అంటే చిల్లుల అల్లిక తెరలు. ఒక్కో జాలీ ముందు కాసేపు ఆగి గీతలు ఎటు నుంచి ఎటు పోతున్నాయో వేలితో గాల్లో గీసి చూడండి. పక్కపక్క ఇళ్ల ముందు ముగ్గుల్లా, డిజైన్ మారిపోతూ ఉంటుంది. కొన్ని సమాధులకి పైకప్పు లేదు, చుట్టూ ఈ జాలీ గోడలే. పొద్దున పదిలోపు వెళ్తే ఏటవాలు ఎండకి డిజైన్ నీడ నేల మీద పడుతుంది. పన్నెండింటికి వెళ్తే అంతా తెల్లగా, చదునుగా కనిపించి, "దీనికోసమా ఇంత దూరం" అనిపిస్తుంది. ఈమధ్య మరమ్మతులు జరిగాక నగిషీ ఇంకా స్పష్టంగా తెలుస్తోంది. గోడలు తాకొద్దు. పిల్లలు జాలీల్లో వేళ్లు పెట్టకుండా చూసుకోండి.

ఇలాంటిదే మౌలాలి గుట్ట కింద మహ్‌లఖా బాయి సమాధి. ఆమె ఉర్దూ కవయిత్రి, గాయని, నిజాం దర్బారులో పలుకుబడి ఉన్న మనిషి. 1792లో తల్లి కోసం కట్టించిన చోటే, 1824లో పోయాక ఆమెకీ నీడైంది. చూశాక గుట్ట మెట్లెక్కితే ఊరి రాళ్లు, ఇళ్లు కలిపి కనిపిస్తాయి. ఈ రాళ్ల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. మిగతా గుట్టలు చాలావరకు అపార్ట్‌మెంట్లయ్యాయి.

అపోహ: మసీదులు, అషుర్‌ఖానాల్లోకి మనల్ని రానివ్వరు

చాలా చోట్ల రానిస్తారు. ఎలా అడిగామన్నదే ముఖ్యం. గేటు దగ్గరున్న పెద్దాయన్ని "చాచా, చూసి వెళ్తాం, పర్లేదా?" అనండి. చెప్పులు బయట విడవండి. ఆడవాళ్లు తలమీద కప్పుకోవడానికి చున్నీ తెచ్చుకుంటే మంచిది, కొన్ని చోట్ల వాళ్లు ఎక్కడిదాకా వెళ్లొచ్చో అక్కడివాళ్లే చెప్తారు. నమాజు వేళ, శుక్రవారం మధ్యాహ్నం వెళ్లకండి. షార్ట్స్ వద్దు. మొహర్రం రోజుల్లో అషుర్‌ఖానా టూరిస్ట్ స్పాట్ కాదు, సంతాపం జరిగే చోటు. ఆ పది రోజులూ కెమెరా బ్యాగులోనే ఉండనివ్వండి.

మంగళ్‌హాట్‌లోని సీతారాంబాగ్ గుడికీ ఇదే మర్యాద. లోపల పూజారుల కుటుంబాలు ఉంటాయి. వాళ్ల వాకిట్లోకి వెళ్తున్నామని గుర్తుంటే చాలు.

అపోహ: మ్యాప్‌లో రేటింగ్ ఉంటేనే వెళ్లాలి

రేటింగ్ పార్కింగుకి ఇస్తారు, బాత్రూముకి ఇస్తారు, బయట దొరికే ఐస్‌క్రీముకి ఇస్తారు. మలక్‌పేట వైపు, ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఫ్రెంచి సేనాని రేమండ్ సమాధి ఉంది. మ్యాప్ చూపించే ఫొటోల్లో ఒక రాతి స్తంభం, కాస్త గడ్డి. దాన్ని చూసి ఎవరు పోతారు?

ఈ స్తంభాన్నీ కోఠీలో మహిళా విశ్వవిద్యాలయం ఆవరణలో ఉన్న బ్రిటిష్ రెసిడెన్సీనీ ఒకే పూట చూడాలి. రేమండ్ రెండో నిజాం దగ్గర ఫ్రెంచి పటాలం నడిపాడు. 1798 మార్చిలో చనిపోయాడు. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లిషువాళ్లు ఆ పటాలం చేత ఆయుధాలు కింద పెట్టించారు. ఆ పని నడిపించినవాళ్లలో ఒకడు కర్క్‌పాట్రిక్. ఆ తర్వాత రెసిడెంటుగా, అంటే నిజాం దర్బారులో బ్రిటిష్ ప్రతినిధిగా ఆయన కట్టించిన భవనమే కోఠీలో ఉన్నది, ముందు పెద్ద పెద్ద స్తంభాలు, మెట్ల పక్కన సింహాలు. ఆయన పెళ్లి చేసుకున్న ఖైరున్నిసా పరదాలో ఉండేది. ఆమె కోసం తోటలో చేయించారని చెప్పే భవనం నమూనా శిథిలం ఇప్పటికీ అక్కడుంది. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ దాడి చేసింది కూడా ఈ రెసిడెన్సీ మీదే. రోజూ కోఠీ బస్టాపులో నిలబడే వేలమందికి వెనకున్న ఆ గోడ లోపల ఏముందో తెలియదు. అది ఆడపిల్లలు చదువుకునే క్యాంపస్ కాబట్టి సందర్శకుల వేళలు, అనుమతి ముందే కనుక్కుని, గుర్తింపు కార్డు పట్టుకుని వెళ్లండి.

అపోహ: ఆదివారమైతేనే తీరిగ్గా చూడొచ్చు

ఆదివారం సాయంత్రం చార్మినార్ దగ్గర నడవడానికే చోటుండదు. శుక్రవారం సెలవు పెట్టుకొచ్చేవాళ్లది ఇంకో అవస్థ. సాలార్‌జంగ్, చౌమహల్లా, పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం మూడూ ఆ రోజు మూసే ఉంటాయి. ఆ మూడో దానికి జనం పలచగా ఉంటారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల బీరువాలు గది పొడవునా రెండంతస్తుల్లో ఉన్నాయి, చేత్తో తిప్పే లిఫ్టుతో సహా. వేసిన బట్ట మళ్లీ వేసేవాడు కాదట.

ఆదివారం నిజంగా పనికొచ్చేది ఒక్క అబిడ్స్‌కే. ఆ రోజు దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు పరుస్తారు. తెలుగువి కావాలంటే ఓపిగ్గా కుప్పలు కదిలించాలి. బేరం చేయకుండా కొనకండి.

అపోహ: ఫ్యామిలీతో పాతబస్తీకి వెళ్లడం టెన్షన్

టెన్షన్ పార్కింగుతోనే. కారు ఇంట్లో పెట్టి ఎంజీబీఎస్ మెట్రోలో దిగి ఆటో ఎక్కండి, లేదా నడవండి. పొద్దున ఏడున్నరకి దుకాణాల షట్టర్లు ఇంకా లేవవు, కమాన్ల కింద ఖాళీగా ఉంటుంది. పిల్లలతో వెళ్లడానికి అంతకంటే మంచి వేళ లేదు. 1851లో మొదలైన మున్షీ నాన్ దుకాణం పురానీ హవేలీ దగ్గరే పుట్టింది. నాలుగు మూలల నాన్ వేడివేడిగా పేపర్లో చుట్టిస్తారు.

అపోహ: ఒక్క రోజులో అన్నీ కవర్ చేసేయొచ్చు

కవర్ చేయొచ్చు, చూడలేరు. ఉన్నది ఒక్క రోజే అయితే పొద్దున్నే చార్మినార్ నుంచి అషుర్‌ఖానా దాకా నడిచి, ఆటోలో తొమ్మిదిన్నరకల్లా పైగా సమాధులు చేరండి. ఎండ ముదిరాక పురానీ హవేలీ, సాయంత్రం కోఠీ. గోల్కొండ, కార్వాన్, పురానాపూల్‌కి విడిగా ఒక పూట ఉంచుకోండి. జూకి వెళ్లే ప్లాన్ ఉంటే సోమవారం కాకుండా చూసుకోండి. ఆ పక్కనే ఉన్న మీర్ ఆలం చెరువు కట్టని కూడా చూడండి. నీళ్ల వైపుకి ఉబ్బినట్టుండే 21 అర్ధచంద్రాకారపు కమాన్లతో 1800ల మొదట్లో రాయీ సున్నంతో కట్టారు. ఇప్పటికీ నీళ్లు ఆపుతోంది.