"వాళ్లలో అంతేనట కదా?": అపోహలు - వాస్తవాలు

పాతబస్తీలో ఆదివారం పొద్దున్నే జనాన్ని వాక్‌లకు తీసుకెళ్లడం మొదలుపెట్టి పద్నాలుగేళ్లయింది. చార్మినార్ ఎవరు కట్టారు, ఎప్పుడు కట్టారు అని ఇప్పుడు నన్నెవరూ అడగరు. మహమ్మద్ కులీ కుతుబ్ షా, 1591 అని వాళ్లే నాకు చెప్తారు. నన్ను అడిగేది వేరు. నడుస్తూ నడుస్తూ నా పక్కకొచ్చి, గొంతు తగ్గించి, "సార్, వాళ్లలో అంతేనట కదా?" అంటారు. ఒక్కో వీధికి ఒక్కో ‘వాళ్లు’. మసీదు ముందు నిలబడితే ముస్లింలు, గన్‌ఫౌండ్రీ దాకా వెళ్తే క్రైస్తవులు, ఆబిడ్స్ తిలక్ రోడ్డులోకి తిరిగితే పార్సీలు.

ఆ ‘అట’ ఎక్కడిదో నాకు తెలుసు. రాత్రి ఒంటిగంట దాకా ఫోన్‌లో మతాల మీద వాదనలు చదివి, వీడియోలు చూసి, ఎర్రటి కళ్లతో ఆరున్నరకల్లా మదీనా చౌరస్తాకి వస్తారు. నేనూ ఒకప్పుడు అదే బాపతు కాబట్టి నవ్వను. కానీ అందులో ఒక అపోహ జనానికి మరీ ఖరీదు పడుతోంది. దాని గురించే ఇదంతా. మిగతావి దారిలో చెప్పుకుంటూ పోతాను.

అపోహ: ఒక మతం గురించి ఆన్‌లైన్‌లో నాలుగు చర్చలు చదివితే ఆ మతంవాళ్లు ఏం నమ్ముతారో, ఇంట్లో ఎలా ఉంటారో తెలిసిపోతుంది.

వాస్తవం: వాదించినాయన ఏం నమ్ముతాడో తెలుస్తుంది. అంతవరకే. మీ పక్కింటివాళ్ల సంగతి అందులో ఉండదు.

నిరుడు ఎండాకాలంలో ఒకావిడ ఫోన్ చేశారు. రిటైరైన టీచరమ్మ, అంతకుముందు ఒక వాక్‌కి వచ్చారు. "పది నిమిషాలు మాట్లాడాలి" అంటే హోటల్లో కలిశాం. చాయ్ రాకముందే బ్యాగులోంచి నోటుబుక్కు తీశారు. నీలం ఇంకుతో ప్రశ్నలు, ఎర్ర ఇంకుతో జవాబులు. ముప్పై ఏళ్లు పిల్లల పేపర్లు దిద్దిన చెయ్యి కదా, మార్జిన్ కూడా కొట్టుకున్నారు. సంగతేంటంటే, వాళ్లమ్మాయి ఒక క్రైస్తవుల అబ్బాయిని చేసుకుంటానంది. ఈవిడ రెండు నెలలుగా నిద్ర మానుకుని వీడియోలు చూసి రాసుకున్నారు. బొట్టు తీసేయిస్తారు. పూలు, గాజులు ఉండవు. మంగళసూత్రం ఉండదు. ప్రసాదం ముట్టుకోరు. బాప్తిస్మం తీసుకుంటే తప్ప పెళ్లి చేయరు. అలా మొత్తం పదకొండు. పదకొండోది చదవలేక పుస్తకం నా వైపు తిప్పారు. "రేపు నేను పోతే నా బిడ్డ నన్ను తలుచుకుని ఒక దీపమైనా పెట్టగలదా?" అని ఉంది. దాని పక్కన ఎర్ర ఇంకు లేదు.

నేను ఒక్కటే అడిగాను. "వాళ్లు ఏ చర్చికి పోతారమ్మా?"

ఆవిడ నా మొహంలోకి చూశారు. "చర్చి అంటే చర్చే కదండీ?"

రెండు నెలల ఏడుపు. ఇంటిల్లిపాదీ చదువుకున్నవాళ్లే. ఈ ఒక్క ముక్క ఎవరికీ తోచలేదు.

అక్కడే కూర్చుని కూతురికి ఫోన్ చేశారు. ఎస్డీ రోడ్డులో సెయింట్ మేరీస్‌కి పోతారంది అమ్మాయి. అంటే ఆర్‌సీఎం, రోమన్ కథోలికులు. ఆవిడ చూసిన వీడియోలన్నీ ఒక ప్రార్థనా సంఘం పాస్టర్‌గారివి. ఆయన అబద్ధం చెప్పలేదు, తన సంఘం నియమం చెప్పాడు. నగలు వద్దనేవాళ్లు, బొట్టు వద్దనేవాళ్లు పెంతెకొస్తు సంఘాల్లో చాలామంది ఉన్నారు, వాళ్ల నిష్ఠ వాళ్లది. ఆర్‌సీఎం దారి వేరు. సీఎస్‌ఐ, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా, మళ్లీ వేరు. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ఇంకొన్ని సంఘాలు కలిసి 1947లో ఏర్పడింది అది. మనం దసరా సెలవుల్లో పిల్లల్ని తీసుకెళ్లి ఫొటోలు దిగే మెదక్ చర్చి సీఎస్‌ఐ వాళ్లదే. బాప్టిస్టులు, లూథరన్లు మరో లెక్క. మన తెలుగు ఆర్‌సీఎం కుటుంబాల్లో పెళ్లికి మంగళసూత్రం కట్టించడం మామూలే. ఫాదర్ ఆశీర్వదించి ఇస్తే పెళ్లికొడుకు కడతాడు, బిళ్ల మీద సిలువ ఉంటుంది. బొట్టూ పూలూ అంటారా, ఇల్లిల్లూ ఒక తీరు.

మారితే తప్ప పెళ్లి లేదన్నదీ తప్పే. కథోలిక పద్ధతిలో అవతలి మనిషి బాప్తిస్మం తీసుకోకుండానే, బిషప్‌గారి ప్రత్యేక అనుమతితో చర్చిలో పెళ్లి చేసుకోవచ్చు. కాకపోతే అబ్బాయి ఒక మాట ఇవ్వాలి. తన విశ్వాసం వదలనని, పుట్టే పిల్లలకు బాప్తిస్మం ఇప్పించి ఆ పద్ధతిలోనే పెంచడానికి తన శాయశక్తులా ప్రయత్నిస్తానని. ఆ మాట ఇచ్చినట్టు అమ్మాయికి తెలియాలి కూడా. టీచరమ్మకి ఇది చెప్తే మొహం చిన్నబోయింది. అయినా చెప్పాను. భయపడేవాళ్లకి తీపి కబుర్లే ఏరి చెప్తే రేపు నా మాటకీ ఆ వీడియోలకీ తేడా ఉండదు. చర్చే వద్దనుకుంటే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది, ముప్పై రోజుల నోటీసు పెట్టుకోవాలి, ఎవరూ ఏమీ మారక్కర్లేదు. ఆవిడ భయపడాల్సినవి, కూర్చుని తేల్చుకోవాల్సినవి నిజంగా ఒకటో రెండో ఉన్నాయి. కానీ ఆ పదకొండులో అవి లేవు.

ఆన్‌లైన్ చర్చల్లో ఎందుకిలా అవుతుందో నాకు అనుభవమే. గైడ్ పని కొత్తలో మూడేళ్లు నేనూ రోజూ రాత్రి కూర్చుని వాదించేవాణ్ని. "మీ గ్రంథంలో ఇలా ఉంది, జవాబు చెప్పు" అని మొదలవుతుంది. ఇక ఎదుటివాడు తన ఇంటి సంగతి చెప్పడు, కేసు వాదిస్తాడు. భక్తుడు కాస్తా వకీలైపోతాడు. మామూలుగా దండం పెట్టుకుని పనికి పోయేవాడు అసలు నోరే విప్పడు. ఆ మూడేళ్లలో నేను ఎన్ని వాదనలు గెలిచానో లెక్కలేదు. నేర్చుకున్నవి మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

అందులో ఒకటి చెప్తాను. ఎవరో "ముస్లింలంతా మహదీ రాక కోసం, అంటే లోకాన్ని దారిలో పెట్టడానికి వస్తాడనే మార్గదర్శి కోసం, ఎదురుచూస్తుంటారు" అని పేరాలు పేరాలు దంచుతున్నారు. చంచల్‌గూడ నుంచి ఒకతను ఒక్క లైను రాశాడు: "మా ఇంట్లో ఎదురుచూడం భాయ్, వచ్చి వెళ్లారు." వాళ్లు మహదవీలు. 1505లో కన్నుమూసిన సయ్యద్ మహమ్మద్ జౌన్‌పురీయే ఆ మహదీ అని వాళ్ల నమ్మకం. చంచల్‌గూడ మీదుగా రోజూ బండి మీద పోయే గైడునన్న మాటే గానీ అప్పటిదాకా నాకు ఆ పేరే తెలీదు. మరి ఆన్‌లైన్ చర్చలు దండగ అని ఎలా అంటాను? ఆ ఒక్క లైను అక్కడే దొరికింది. అతను "మా ఇంట్లో" అన్నాడు కాబట్టి దొరికింది.

ఆ చర్చలు మానేసింది మాత్రం మా నాయనమ్మ వల్ల. మాది నల్లగొండ వైపు పల్లె. పీర్ల పండుగ, అదే మొహర్రం, వచ్చిందంటే మా పెద్దతాత పీరు ఎత్తుకునేవాడు, నాయనమ్మ మొక్కుకుని దట్టీ కట్టేది, రాత్రి గుండం చుట్టూ ఆడేవాళ్లు, మాకు బెల్లం శర్బత్. ఇది రాస్తే ఒక పక్షం వాళ్లొచ్చి హిందువై ఉండి ఇదేం అజ్ఞానమన్నారు. ఇంకో పక్షం వాళ్లొచ్చి అసలు ఇస్లాంలో ఇది లేనే లేదు, తప్పు అన్నారు. మూడేళ్లలో ఆ రెండు పక్షాలూ ఒక్కటైంది ఒక్క విషయంలోనే: మా నాయనమ్మ తప్పని. ఆ రాత్రే లాగౌట్ అయ్యాను.

అపోహ: మొహర్రం పండుగ కదా, శుభాకాంక్షలు చెప్పాలి.

వాస్తవం: షియా ఇంట్లో చెప్పకండి. 680లో కర్బలాలో ప్రవక్త మనవడు ఇమామ్ హుస్సేన్‌ని, ఆయన వాళ్లని చంపిన నెల అది. నెలపొడుపు కనిపించిన దగ్గర్నుంచి నల్లబట్టలు. రెండు నెలల ఎనిమిది రోజులు పెళ్లిళ్లూ వేడుకలూ పెట్టుకోరు. పదో రోజు డబీర్‌పురా నుంచి బీబీ కా అలం అనే పవిత్ర ధ్వజం ఏనుగు మీద వస్తుంటే రోడ్డుకి రెండు పక్కలా ఏడుపే. సున్నీల్లో ఆ రోజు ఉపవాసం ఉండేవాళ్లు ఉన్నారు. అదే నెల మొదటి తారీకు హిజ్రీ సంవత్సరాది, దానికి శుభాకాంక్షలు చెప్పుకునేవాళ్లూ ఉన్నారు. మన పల్లెల్లో మాత్రం పండుగ అనే అంటాం. ఏ ఇంటికి పోతున్నారో చూసుకుని నోరు తెరవండి.

దీన్ని నేను తప్పుగా నేర్చుకుని, తప్పుగానే చెప్పేవాణ్ని. మొహర్రం సంతాప సభలు జరిగే బాద్‌షాహీ ఆషూర్‌ఖానాలో నిలబడి, పసుపూ నీలం పలకల్ని చూపిస్తూ, "1908 మూసీ వరదలో కింది వరస దెబ్బతింది, అక్కడ ఉన్నది పలక కాదు, రంగు" అని గోడ సంగతి కరెక్టుగానే చెప్పి, ఆ ఊపులోనే "మొహర్రం షియాలదే, సున్నీలకు దీంతో పనిలేదు" అని తీర్మానించేశాను. గేటు దగ్గర కుర్చీలో ఉన్న పెద్దాయన గ్రూపు కదిలేదాకా ఆగి నన్ను పిలిచాడు. "బేటా, నేను సున్నీనే. మా నాయన ఇదే గేటు ముందర శర్బత్ పోసేటోడు, నేనూ పోస్తా. నీకెవరు చెప్పిండ్రు?" ఎవరు చెప్పారని చెప్పను? నలుగురి ముందు అనలేదు, అదీ ఆయన పెద్దరికం. నేనైతే పద్దెనిమిది మంది ముందు అన్నాను.

ఇక గబగబా కొన్ని.

పార్సీలు నిప్పుని దేవుడనుకుంటారని: కాదు. వాళ్ల దేవుడు అహురా మజ్దా, నిప్పు ఆయన వెలుగుకి గుర్తు. వాళ్ల గుడి అగియారీలోకి ఇతరుల్ని రానివ్వరు, తిలక్ రోడ్డులోనైనా సికింద్రాబాద్‌లోనైనా. వాచ్‌మన్‌తో బేరమాడకండి, ఆయనకి విసుగు, నాకు పరువు తక్కువ.

ముస్లింలంతా దర్గాకి పోతారని: పోనివాళ్లు, పోవడం తప్పనేవాళ్లు కోకొల్లలు. ఇది విని ముక్కున వేలేసుకునేవాళ్లని నేను సుల్తాన్‌బజార్ ఆర్యసమాజానికి తీసుకెళ్తాను. అక్కడ విగ్రహం వెతుక్కుంటారు, దొరకదు. హిందువులంతా దహనమే చేస్తారనుకునేవాళ్లు ఒక లింగాయత్ ఇంటి పెద్దని అడగండి, ఖననం గురించి చెప్తారు.

వేరేవాళ్ల నమ్మకాల జోలికి పోతే మనవి సడలిపోతాయని: పద్నాలుగేళ్లుగా చూస్తున్నాను. మా ఆవిడ శనివారం ఒక్కపొద్దు ఒక్కటీ తప్పలేదు, నా బద్ధకం కూడా ఎక్కడికీ పోలేదు.

అపోహ: అడిగితే నొచ్చుకుంటారు, గూగుల్ చేసుకోవడమే మర్యాద.

వాస్తవం: నొచ్చుకునేది అడిగినందుకు కాదు, అడిగిన తీరుకి. "మీవాళ్లు ఎందుకు అలా చేస్తారు?" అంటే ఎవరైనా ముడుచుకుంటారు. "మీ ఇంట్లో ఎలా చేస్తారు?" అనండి, అమ్మమ్మ దగ్గర్నుంచి మొదలుపెట్టి చెప్తారు. నలుగురిలో వద్దు. పరిచయమైన మొదటి రోజే వద్దు. ఆ పొద్దున టీవీలో ఏదో గొడవ వార్త నడుస్తుంటే అస్సలు వద్దు. మీరు అడిగేది సేమ్యా గురించైనా, వినేవాళ్లకి విచారణలా ఉంటుంది. ఇంకోటి, జవాబు విన్నాక "మరి మీ పుస్తకంలో అలా లేదే!" అనే దురద ఉంటుంది చూడండి, దాన్ని ఆపుకోండి. ఆ మాటతో మీరు మళ్లీ వకీలు.

టీచరమ్మకీ అదే చెప్పాను. ఆ పదకొండో ప్రశ్న నన్ను కాదు, అబ్బాయి వాళ్లమ్మని అడగండి అని. ఆవిడకి ధైర్యం చాలలేదు. రెండు వారాలు నానబెట్టి, నిశ్చితార్థం చీరలు కొనడానికి వెళ్లినప్పుడు, దుకాణంలో అడిగారట. "వదినగారూ, మీ ఇంట్లో పోయినవాళ్లని ఎలా తలుచుకుంటారు?" అని. ఆవిడ చేతిలో చీర పక్కన పెట్టేసి అరగంట చెప్పారట. నవంబర్ 2 సమాధుల పండుగ. ముందురోజే వెళ్లి సమాధి కడిగి, వీలైతే సున్నం వేసి, పూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించడం. వాళ్ల మామగారికి ఇష్టమని ఒక రకం బిస్కెట్లు కొని, తర్వాత అక్కడున్న పిల్లలకి పంచడం.

"మా పెత్తర అమాస లాంటిదే అన్నమాట" అన్నారు టీచరమ్మ నాతో ఫోన్‌లో.

లాంటిదే అనుకోకండి అన్నాను. ఆ పోలిక దగ్గరే మళ్లీ కాలు జారుతుంది. వాళ్ల లెక్కలు వేరు, ప్రార్థన వేరు. ఆవిడ వినలేదు, వినాల్సిన అవసరం కూడా లేదేమో. అక్టోబర్ చివర్లో మళ్లీ ఫోన్ వచ్చింది. వియ్యపురాలితో కలిసి నారాయణగూడ సమాధుల తోటకి వెళ్తున్నారట. బంతిపూలు కిలోల లెక్కన ఎక్కడ చవగ్గా దొరుకుతాయని అడిగారు. గుడిమల్కాపూర్ మార్కెట్, తెల్లారకముందే వెళ్లమన్నాను.