ఇంట్లో ఒక ఏడు రోడ్ల కూడలి

శ్రీకాకుళంలో మా అక్కావాళ్లు ఇల్లు కడుతున్నారు. గోడలు లేచాయి, ప్లాస్టరింగు ఇంకా మొదలవలేదు. ఎలక్ట్రీషియన్ గోడలకు గాడి కొట్టి పైపులు దించుతున్న రోజున, నెట్‌వర్క్ తీగలకు కూడా విడిగా పైపులు వెయ్యమని అడిగాను. “ఇన్ని వైర్లెందుకు బావూ, వైఫై ఉంది కదేటి?” అన్నాడాయన. అడగాల్సిన ప్రశ్నే.

వైఫై అంటే గాలిలో రేడియో. ఇంట్లోని ఫోన్లు, టీవీ, కెమెరాలు ఒకే చానెల్‌ను వంతులవారీగా వాడుకుంటాయి. ఒకటి మాట్లాడుతుంటే మిగతావి ఆగాలి. ఇటుక గోడ, ఇనుప చువ్వల శ్లాబు దాటేసరికి సిగ్నల్ నీరసిస్తుంది. 5 గిగాహెర్ట్జ్ వైఫై అయితే మరీను. తీగకు ఆ బాధ లేదు. పడకగదికి వెళ్లే తీగ పడకగదిదే. టీవీలాంటి కదలని వస్తువులు తీగ మీదికి మారితే గాలి ఫోన్లకు మిగులుతుంది.

1970లలో అమెరికాలోని జెరాక్స్ పరిశోధన కేంద్రంలో రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ తయారుచేసిన తొలి ఈథర్నెట్‌లో, అంటే కంప్యూటర్లను తీగతో కలిపే పద్ధతిలో, ఒకే లావుపాటి కేబులు అన్ని కంప్యూటర్ల పక్కనుంచీ పోయేది. అది ఎక్కడ తెగినా అందరికీ బందే. 1990లో ప్రమాణంగా వచ్చిన పద్ధతిలో మధ్యనున్న పెట్టె నుంచి ప్రతి కంప్యూటరుకూ విడి తీగ వెళ్లింది. మన శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలాగే: ఒక రోడ్డు తవ్వేసినా మిగతా ఆరూ నడుస్తాయి. ఆ పెట్టెను చాలామంది ఇప్పటికీ హబ్ అంటారు. పాత హబ్ ఒకరి మాటను అందరికీ వినిపించేది. ఇప్పుడు దాని బదులు వాడే పెట్టె పేరు స్విచ్చు; అది ఏ యంత్రం ఏ తలుపు వెనక ఉందో వచ్చిన సందేశాలను బట్టి నేర్చుకుని, ఎవరిది వారికే పంపుతుంది.

నాకు అన్నిటికన్నా ముచ్చటైనది ఆ తీగే. నీలం తొడుగు కోసి చూస్తే ఎనిమిది సన్నని తీగలు, నాలుగు జతలుగా మెలిపెట్టి ఉంటాయి. ఉద్దానంలో కొబ్బరిపీచు తాడు పేనడం చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. తాడుకు మెలిక బలం కోసం, ఇక్కడ మాత్రం రొద పోగొట్టడం కోసం. సిగ్నల్ ఒక తీగలో ఎంత పైకి లేస్తే జంట తీగలో అంత కిందికి దిగుతుంది. అవతలి కొస ఆ రెంటి తేడానే చదువుతుంది. పక్కనున్న కరెంటు తీగ నుంచి రొద వస్తే, మెలిక వల్ల రెండింటి మీదా దాదాపు సమానంగా పడుతుంది. తేడా తీసేసరికి చెల్లిపోతుంది. గ్రాహం బెల్ 1881లోనే టెలిఫోన్ తీగల కోసం ఈ కిటుకుకు పేటెంటు తీసుకున్నాడు. ఒక జత రొద పక్క జతలోకి దూరకుండా నాలుగింటికీ మెలికలు వేర్వేరు బిగువులో ఉంటాయి. అందుకే కొసలు బిగించేటప్పుడు అర అంగుళానికి మించి మెలిక విప్పకూడదు.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త: చవగ్గా దొరికే కొన్ని కట్టల్లో తీగ అల్యూమినియం, పైన రాగి పూత. బ్లేడుతో గీస్తే లోపల తెల్లగా బయటపడుతుంది. దాని నిరోధం ఎక్కువ. అదే తీగలో కెమెరాకు కరెంటు కూడా పంపితే వేడెక్కుతుంది. గోడలో పూడ్చే వస్తువు దగ్గర పొదుపు వద్దని నా గట్టి మాట.

స్విచ్చు, రూటరు ఉండే ఇనుప పెట్టె ఎక్కడ పెట్టాలి? బావ అటక మీద అన్నాడు. మన ఎండలకు అక్కడ స్విచ్చు ఉడికిపోతుంది. చివరికి మెట్ల కింద, మెయిన్ బోర్డుకు దూరంగా ఖాయం చేశాం. ఒక్కో తీగ 100 మీటర్ల వరకు పనిచేస్తుంది గనక ఇంట్లో దూరం సమస్య కాదు. కరెంటు పైపుకు అడుగు దూరంలో తీగలు నడపాలి, దాన్ని దాటాల్సివస్తే అడ్డంగా దాటించాలి. గోడలోని రాగి గట్టి ఒంటి పోగు, పదేపదే వంచితే విరుగుతుంది. అందుకని దాన్ని ప్యాచ్ ప్యానెల్ అనే సాకెట్ల పలకలో కదలకుండా బిగించి, అక్కడి నుంచి స్విచ్చుకు మెత్తని చిన్న తీగలు వేస్తారు. ఇనుప పెట్టెలో వైఫై బయటికి రాదు, కాబట్టి దాని యాంటెన్నాలు హాలు పైకప్పుకే.

2018 అక్టోబరు 11న పలాస దగ్గర తిత్లీ తుపాను తీరం దాటాక ఎన్నో ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అంత పెద్ద విపత్తుకు ఇంటి బ్యాటరీ సరిపోదు. మామూలు కోతలకు మాత్రం, అన్నీ ఒకేచోట ఉంటే ఒక్క చిన్న యూపీఎస్ చాలు: రూటరు, స్విచ్చు కలిపి ఒక ఎల్‌ఈడీ ట్యూబ్‌లైటుకు అటూఇటుగానే కరెంటు తింటాయి.

ప్లాస్టరింగు మేస్త్రీ సోమవారం వస్తాడు. ఈలోగా ప్రతి తీగకూ రెండు కొసలా ఒకే నంబరు రాయాలి, గోడకు కొలత టేపు ఆనించి పైపులు కనిపించేలా ఫొటోలు తీయాలి. మేడ మీదికి వేసిన ఖాళీ పైపులో ఎలక్ట్రీషియన్ తనంతట తానే ఒక నైలాన్ తాడు దూర్చి, రెండు కొసలా ముడివేసి ఉంచాడు.