అద్దె ఇంటి వేట: అపోహలు - వాస్తవాలు (ఒక హైదరాబాద్ బ్రోకర్ మాట)

మియాపూర్, కొండాపూర్ వైపు అద్దె ఇళ్ళు చూపించడం నా పని. అద్దెలో ఓ వెయ్యి తగ్గించమని గంటసేపు బేరమాడిన మనిషే, ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో ఎంత కోస్తారో, ఎండాకాలం నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయో అడక్కుండా డబ్బు కట్టేస్తాడు. తర్వాత గొడవలన్నీ ఆ అడగని వాటి గురించే.

అపోహ: నెట్‌లో ఓనరే నేరుగా పెట్టిన ఇల్లయితే భయం లేదు.

కమీషన్ మిగిలే మాట నిజమే. మేం పదిహేను రోజుల అద్దె నుంచి నెల అద్దె దాకా తీసుకుంటాం, ఎవరికైనా బరువే. కానీ అవతలివాడు నిజంగా ఓనరేనా అని తేల్చుకునే పని అప్పుడు మీ మీద పడుతుంది. బాగా నడుస్తున్న మోసం ఒకటి చెప్తాను. గచ్చిబౌలిలో డబుల్ బెడ్‌రూమ్, ఫొటోలు అద్దంలా ఉంటాయి, అద్దె చుట్టుపక్కల కంటే బాగా తక్కువ. ఫోన్ చేస్తే, "నేను ఆర్మీలో ఉన్నానండీ, వేరే రాష్ట్రానికి పోస్టింగ్ పడింది. గేటు పాస్‌కి కొంచెం డబ్బు పంపండి, తర్వాత అద్దెలో తగ్గించుకుందాం" అంటాడు. వెంటనే క్యూఆర్ కోడ్, యూనిఫాంలో ఫొటో, ఐడీ కార్డు వచ్చేస్తాయి. ఆ ఫొటో ఎవరిదో, ఆ ఇల్లు ఎవరిదో! ఇల్లు చూడ్డానికి ఏ గేటెడ్ కమ్యూనిటీలోనూ పాస్ డబ్బులుండవు. సెక్యూరిటీ అతను ఓనర్‌కి ఫోన్ చేసి లోపలికి పంపుతాడు, అంతే.

ఇల్లు కళ్ళారా చూడకుండా టోకెన్ (ఇల్లు వేరేవాళ్ళకి ఇవ్వకుండా ఆపమని ముందిచ్చే డబ్బు) కట్టొద్దు. చూశాక కూడా ఇంటి పన్ను రసీదు మీద ఎవరి పేరుందో అడగండి. ఇల్లు చూపించడానికే ఐదొందలు అడిగేవాళ్ళు మా బ్రోకర్లలోనూ ఉన్నారు. ఇవ్వకండి.

అపోహ: అగ్రిమెంటు 11 నెలలకి కాబట్టి అన్నాళ్ళూ ఉండి తీరాలి.

ఆ 11 వెనక పెద్ద రహస్యమేం లేదు. ఏడాదికి మించిన లీజయితేనే రిజిస్టర్ చేయించాలన్నది జనంలో ఉన్న లెక్క. ఆ ఖర్చూ తిరుగుడూ తప్పుతాయని 11 రాసుకుంటారు. ముందే ఖాళీ చేయొచ్చా లేదా అన్నది లోపలున్న నోటీసు, లాకిన్ (ఇన్ని నెలల్లోపు ఖాళీ చేయకూడదన్న) షరతుల్లో ఉంటుంది. ఏడాది తిరిగాక అద్దె ఎంత శాతం పెరుగుతుందో కూడా అక్కడే చూడండి.

అపోహ: అడ్వాన్సు మనదే, మొత్తం వెనక్కొస్తుంది.

మన దగ్గర మామూలుగా రెండు నెలల అద్దె అడ్వాన్సు. బెంగళూరు నుంచి వచ్చినవాళ్ళు ఇంతేనా అని సంబరపడతారు. కానీ ఖాళీ చేసే రోజు "పెయింటింగ్‌కి ఒక నెల" అన్న మాట బయటికొస్తుంది. మీరు ఏడాదే ఉన్నా అంతే, గోడ మీద గీత లేకపోయినా అంతే. ఆరోజు వాదిస్తే లాభం లేదు. పెయింటింగ్ కింద ఎంత పట్టుకుంటారో, ఎన్నేళ్ళుంటే పట్టుకోరో అగ్రిమెంటులో రాయించండి. దిగిన రోజే గోడలు, సింకు కింద అల్మరా, బాత్రూం తలుపు అడుగు భాగం వీడియో తీసి ఓనర్‌కి వాట్సాప్ చేయండి. తలుపు అడుగు ఉబ్బిపోవడం మీ ఖాతాలో వేసే మొదటి నష్టం.

హెచ్‌ఆర్‌ఏ (జీతంలో వచ్చే ఇంటద్దె భత్యం) మీద పన్ను మినహాయింపు చూపించుకునేవాళ్ళు, అద్దె ఏడాదికి లక్ష దాటితే ఓనర్ పాన్ కావాలి కాబట్టి, అదీ ముందే మాట్లాడుకోవాలి. ఇంట్లో దిగాక అడిగితే కొందరు ఫోనెత్తరు.

అపోహ: బ్యాచిలర్లకి ఇల్లు దొరకదు.

దొరుకుతుంది. ఓనర్ ఒప్పుకున్నా అసోసియేషన్ ఒప్పుకోని చోట్లు ఉంటాయి, అవి వదిలేయండి. "అమ్మానాన్న వచ్చి ఉంటారు" అన్న అబద్ధం నెలలో బయటపడుతుంది. నలుగురుంటే నలుగురి పేర్లూ అగ్రిమెంటులో ఉండాలి. లేకపోతే పేరున్నవాడికి పుణేలో ఉద్యోగం వచ్చిన రోజు మిగతా ముగ్గురూ రోడ్డు మీదే.

అపోహ: బోరు ఉంది, నీళ్ళకి ఢోకా లేదు.

ఈ మాట ఓనర్ని కాదు, వాచ్‌మన్‌ని అడగండి. "ఏప్రిల్, మేలో ట్యాంకర్లు రోజుకెన్ని దిగుతాయి? ఆ డబ్బు మెయింటెనెన్స్‌లోనేనా, వేరేగానా?" అతను నిజం చెప్తాడు, ఎందుకంటే అర్ధరాత్రి ట్యాంకరొస్తే లేచేది అతనే. బాత్రూం కుళాయి చుట్టూ తెల్లగా పెచ్చు కట్టి ఉంటే బోరు నీళ్ళలో లవణాలు బాగా ఎక్కువ. గీజరుకి, జుట్టుకి రెండింటికీ ఖర్చే. మంజీరా నీళ్ళు (ఊరి కుళాయి నీళ్ళు) వంటింట్లోకి వస్తాయా, సంపులోకే వచ్చి బోరు నీళ్ళతో కలుస్తాయా అన్నది ఇంకో ప్రశ్న.

అపోహ: ఆషాఢంలో ఇల్లు వెతకడం దండగ.

బేరానికి అంతకంటే మంచి నెల లేదు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా స్కూళ్ళ కోసం ఇళ్ళు మారేవాళ్ళ హడావిడి, ఓనర్ మాట వినడు. ఆషాఢంలో ఇల్లు ఖాళీగా ఉంటుంది, ఫోన్ మోగదు, అద్దె కిందికి దిగుతుంది. పట్టింపు ఉన్నవాళ్ళు జ్యేష్ఠంలోనే పాలు పొంగించేసి ఆషాఢంలో సామాను దించుకుంటారు. లేదా ఆషాఢంలో అడ్వాన్సిచ్చి, అద్దె శ్రావణం నుంచి లెక్కపెట్టమంటారు. ఖాళీగా పెట్టుకోవడం కంటే నయమని చాలామంది ఓనర్లు దానికీ ఒప్పుకుంటారు.