మొటిమలూ, పొట్టా, పరీక్షలూ

చిన్నీ, పండూ,

మొన్న వీడియో కాల్‌లో ఇద్దరూ ఫోన్‌ని సీలింగ్ ఫ్యాన్ వైపు తిప్పి మాట్లాడారు, అమ్మమ్మకి తెలీదులే అనుకున్నారు గానీ మీ అమ్మ అంతా చెప్పేసింది, చిన్నికి బుగ్గల నిండా మొటిమలంట, పండు గాడికి మోచేతి మడతల్లో దురదంట, రోజుకి నాలుగుసార్లు ఫేస్ వాష్ పెట్టి రుద్దేస్తున్నారంట. ముందు ఆ రుద్దుడు ఆపండి తల్లీ. మొటిమలు మురికి వల్ల రావర్రా. చర్మం లోపల నూనె గ్రంథులుంటాయి, మీ వయసు హార్మోన్లకి అవి ఎలాగూ ఎక్కువ పని చేస్తాయి, దానికి తోడు పరీక్షల టెన్షన్ వస్తే స్ట్రెస్ హార్మోన్లు కూడా వాటినే కదుపుతాయి. 2003లో అమెరికాలో స్టాన్‌ఫోర్డ్ వాళ్ళు 22 మంది స్టూడెంట్స్‌ని పరీక్షలు లేనప్పుడోసారి, ఉన్నప్పుడోసారి చూశారు, టెన్షన్ ఎంత పెరిగితే మొటిమలు అంత ముదిరాయి.

నేను చదువుకునే రోజుల్లో నాకూ అంతే, పరీక్షల ముందు వారం రోజులు టీ మీదే బతికి అన్నం మానేసి రాత్రంతా మేలుకుంటే మోచేతి మడత గోకి గోకి రసి కారింది, పొట్ట చూస్తే మూడ్రోజులైనా కదల్లేదు. అప్పుడు రెండూ వేరే వేరే రోగాలనుకున్నా.

అసలు మనసుకీ, పొట్టకీ, చర్మానికీ ఉన్న ఈ లింకు గురించి 1930లోనే స్టోక్స్, పిల్స్‌బరీ అని ఇద్దరు అమెరికా చర్మ డాక్టర్లు రాశారు, దిగులూ భయం వల్ల పేగుల్లో ఉండే బ్యాక్టీరియా మారిపోతుంది, పేగు గోడ పట్టు సడలుతుంది, ఆ మంట చర్మం దాకా వస్తుంది అని. దానికి వాళ్ళు చెప్పిన వాటిల్లో ఒకటేంటో తెలుసా, పులియబెట్టిన పాలు! మనవాళ్ళు బెంగ లేకుండా ఉండడాన్ని కడుపులో చల్ల కదలకుండా ఉండడం అంటారు కదా, ఆ మాట చదివినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది.

అలాగని గ్లాసుడు మజ్జిగ తాగితే తెల్లారేసరికి మొటిమలు మాయమవుతాయని నేననను, అలా చెప్పేవాళ్ళని నమ్మకండి కూడా. కానీ హాస్టల్‌లో రాత్రి పదకొండింటికి క్రీమ్ బన్నూ కూల్ డ్రింకూ ఉన్నాయే, వాటితో ఒంట్లో చక్కెర ఒక్కసారి ఎగురుతుంది, ఇన్సులిన్ పెరుగుతుంది, దాంతో నూనె కూడా పెరుగుతుంది, అది మాత్రం నిజం. ఆ టైములో ఆకలేస్తే పల్లీలు తినండి, పొద్దున మెస్‌లో పెరుగన్నం దొరికితే వదలకండి, కూరలో ఆకుకూర ముక్క ఏరి పక్కన పెట్టకండి, పేగుల్లో బ్యాక్టీరియాకి తిండి ఆ పీచే. నిద్ర ఆరు గంటలకి తగ్గితే మాత్రం ఎన్ని తిన్నా దండగే.

ఇంకోటి, ఫ్రెండ్ ఇచ్చిందనో మెడికల్ షాపులో అడక్కుండానే ఇచ్చారనో ఏ ట్యూబ్ పడితే ఆ ట్యూబ్ మొహానికి పూయకండి. చాలావాటిల్లో స్టెరాయిడ్ ఉంటుంది, నాలుగు రోజులు మెరుస్తుంది, తర్వాత చర్మం పల్చబడి ఎర్రగా మండుతుంది, మానేస్తే ఇంకా ఎక్కువవుతుంది. పండు దురద రెండు వారాల్లో తగ్గకపోతే స్కిన్ డాక్టర్‌కి చూపించాల్సిందే, ఫీజు నేనిస్తా, మీ నాన్నకి చెప్పక్కర్లేదు.

ఆదివారం మళ్ళీ కాల్ చేస్తా. ఈసారి ఫ్యాన్‌ని కాదు, మిమ్మల్ని చూపించండి.

మీ అమ్మమ్మ