గాలి మోసే చేప

కెల్ప్ అనే పెద్ద సముద్రపు నాచు పెరగాలంటే చల్లని నీళ్లుండాలి, పట్టుకోవడానికి రాయి ఉండాలి. దక్షిణాఫ్రికా తీరంలో రెండూ ఉన్నాయి కాబట్టి అక్కడి క్లినిడ్ కుటుంబపు చిన్న చేపలు నాచులో దాక్కుంటాయి. గోదావరి మొగల దగ్గర రాయీ లేదు, చలీ లేదు, ఉన్నదంతా ఒండ్రే. ఇక్కడ చిన్న చేప దాగాలంటే బురదలో బొరియ తవ్వుకోవడం ఒక దారి. కోరంగి అభయారణ్యంలోని మడ అడవిలో మడ్‌స్కిప్పర్లు అనే బురద చేపలు చేసేది అదే. మనం పులుసు పెట్టుకునే ఇసుక దొందుకు ఇవి చుట్టాలు.

పాటుకు, అంటే సముద్రం వెనక్కి తగ్గే వేళకు, నీరు తీయగానే బయటికొస్తాయి. ముందు రెక్కలు రెండూ ఒకేసారి ముందుకు వేసి, చంకకర్రల మీద నడిచినట్టు ఒళ్లు లాగుతాయి. తడి చర్మం, నోటి లోపలి పొర గాలి పీల్చుకుంటాయి. అందుకే మాటిమాటికీ గుంటలో పొర్లుతాయి. వీటిలో నీలి చుక్కల బోలియోఫ్తాల్మస్ అనే రకం తల అటూ ఇటూ ఊపుతూ బురద మీది డయాటమ్ పొరను (కంటికి కనిపించనంత చిన్న నాచును) గీకి తింటుంది. పెరియోఫ్తాల్మస్ అనే ఇంకో రకం పురుగులనూ చిన్న పీతలనూ పడుతుంది. దానికి నాలుక చేసే పని నోట్లోని నీళ్లు చేస్తాయి: ఎరమీదికి వదిలి, ఎరతో సహా వెనక్కి పీలుస్తుంది. ఈ సంగతి 2015లో బయటపడింది.

నేలమీద బతకడం కన్నా బొరియలో బతకడమే మడ్‌స్కిప్పర్‌కు కష్టమంటాను. మడ బురదలో పార దింపితే నల్లటి మట్టి, కుళ్లిన గుడ్ల వాసన వస్తాయి. సూక్ష్మజీవులు ఆక్సిజన్‌ను దాదాపు మిగల్చవన్నమాట. మరి గుడ్లు ఎలా బతకాలి? జపాన్‌లోని ఒక జాతిపై 2007లో వచ్చిన పరిశోధన జవాబు చెప్పింది. గుడ్లు బొరియ చివర పైకి వంగిన గదిలో, లోపలి గోడకు అంటుకుని ఉంటాయి. మగచేప పాటు సమయంలో నోటినిండా గాలి పట్టుకెళ్లి, ఆ గదిలో వదులుతూ ఉంటుంది. గుడ్లు పక్వానికొచ్చాక రాత్రి పోటు వేళ అదే గాలిని బయటికి మోసి పారేస్తుంది. నీరు నిండి, పిల్లలు పొదుగుతాయి. తొందరపడి గాలి తీసేస్తే గుడ్లు చెడతాయి.

ఇది తెలియక కొందరు మడ్‌స్కిప్పర్‌ను మామూలు చేపలాగే తొట్టి నిండా నీళ్లలో వేస్తారు. పైకెక్కే చోటు లేక అలిసి చస్తుంది. మూతలేని తొట్టిలోనైతే ఒళ్లు ఎండిపోతుంది. అయినా అభయారణ్యంలోవి పట్టకూడదు.

కోరంగిలో చెక్కబాట మీద నుంచి చూడడం మేలు. పాటు వేళ వెళ్లి, నీడ బురద మీద పడకుండా కూర్చోండి. అడుగుల చప్పుడుకు అన్నీ బొరియల్లో దూరతాయి. కదలకుండా ఉంటే, మొదట నీటిగుంటల్లోంచి జంట కళ్లు పైకి తేలతాయి.