రంగు కింద మిగిలిన ఉప్పు

కొత్తగా రంగేసిన ఇనుప పడవ మీద ఏడాది తిరక్కుండానే బొబ్బలు లేస్తే, అందరి అనుమానమూ రంగు డబ్బా మీదికే పోతుంది. నాసిరకం రంగనో, పలచగా వేశారనో అంటారు. ఆ బొబ్బల్లో ఒకదాన్ని చాకు మొనతో గిల్లి చూడండి. లోపల్నుంచి చుక్క నీరు కారుతుంది. గిల్లకముందు పైపొర ఎక్కడా చిరగలేదు, పగల్లేదు. మరి ఆ నీరు లోపలికెలా వెళ్లింది?

రంగులోంచే వెళ్లింది. ఎంత మంచి మెరైన్ పెయింట్ అయినా నీటిని పూర్తిగా ఆపలేదు. నీటి అణువులు ఆ పొరలోంచి నెమ్మదిగా దూరుతూనే ఉంటాయి. రంగు ఇనుమును గట్టిగా కరుచుకుని ఉన్నంతకాలం వాటివల్ల పెద్ద ప్రమాదం లేదు, నిలవడానికి చోటుండదు కాబట్టి. కానీ రంగేసే ముందు ఇనుము మీద కంటికి కనిపించనంత ఉప్పు మిగిలిపోయిందనుకోండి. అది బయటి నీటిని తనవైపు లాక్కుంటుంది. నీళ్లలో వేసిన ఎండుద్రాక్ష ఉబ్బినట్టే రంగూ ఉబ్బుతుంది. బళ్లో ద్రవాభిసరణ అని చదువుకున్నది ఇదే. ఈ లెక్కన బయట ఉప్పునీరుంటే లాగుడు కాస్త తగ్గుతుంది, మంచినీరుంటే పెరుగుతుంది. అందుకే సముద్రం నుంచి నదిలోకి వచ్చిన పడవకు బొబ్బలు ఇంకా తొందరగా లేవచ్చు.

లీటరు సముద్రపు నీటిలో దాదాపు 35 గ్రాముల లవణాలుంటాయి. కెరటం తాకక్కర్లేదు, తీరం గాలే వాటిని మోసుకొచ్చి ఇనుము మీద పరుస్తుంది. తుప్పు గుంటల అడుగున చేరిన ఉప్పు అంత తేలిగ్గా వదలదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఒత్తిడితో గరుకు రజను చిమ్మి తుప్పు రాల్చే బ్లాస్టింగ్ చేయిస్తే అన్నీ పోతాయనుకుంటారు. తుప్పు పోతుంది, ఉప్పు మాత్రం గుంటల్లోకి ఇంకా దిగబడుతుంది. నూనె, గ్రీజు ఉంటే అదీ అంతే. కాబట్టి జిడ్డు తీయడం ముందు, మంచినీటితో బాగా కడగడం తర్వాత, బ్లాస్టింగ్ ఆ తర్వాత. ఈ వరస తప్పితే పైన ఎంత ఖరీదైన రంగేసినా దండగే.

ఉప్పు పోయిందో లేదో చూసే పద్ధతి నాకు భలే ఇష్టం. అంచుల చుట్టూ జిగురున్న చిన్న పట్టీని ఇనుముకు అతికిస్తారు. సిరంజితో దాని కిందికి శుద్ధమైన నీటిని ఎక్కించి, లాగి, మళ్లీ ఎక్కించి, చివరికి ఆ నీటిలో విద్యుత్తు ఎంత బాగా పారుతోందో కొలుస్తారు. ఉప్పు కరిగిన కొద్దీ ఆ అంకె పెరుగుతుంది. దీనికి బ్రెస్లే పరీక్ష అని పేరు. ఎక్కువొస్తే మళ్లీ కడగాల్సిందే.

బ్లాస్టింగ్ అయ్యాక ఇనుము బూడిదరంగు వెండిలా ఉంటుంది. సముద్రపు పనులకు సాధారణంగా అడిగే శుభ్రత స్థాయికి ఎస్ఏ రెండున్నర (Sa 2½) అని పేరు. అంటే కొత్త ఇనుము మీదుండే నల్లటి పొలుసు కూడా పోయి, లేత మరకలు తప్ప మరేమీ మిగలకూడదు. నున్నగా ఉండటం కూడా పనికిరాదు. సుమారు 50 నుంచి 75 మైక్రాన్ల ఎగుడుదిగుళ్లు, అంటే దాదాపు తలవెంట్రుక మందమంత, ఉంటేనే రంగుకు పట్టు దొరుకుతుంది. అలా ఒట్టిగా ఉన్న ఇనుము తీరగాలికి గంటల్లోనే ఎర్రబారుతుంది గనుక రంగు అదే రోజు పడాలి.

అయితే గాలిలోని ఆవిరి నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రత, అదే డ్యూ పాయింట్, కంటే ఇనుము కనీసం 3 డిగ్రీల సెల్సియస్ వెచ్చగా ఉండాలి. తెల్లవారుజామున చేత్తో తడిమితే పొడిగానే అనిపిస్తుంది. చేతిని నమ్మకూడదు, థర్మామీటరును నమ్మాలి.

తుప్పు ముందు అంచుల్లోనే మొదలవుతుంది. తడిరంగు పదునైన అంచు నుంచి వెనక్కి జరిగి, అక్కడ పలచబడుతుంది. అందుకని అంచుల్ని కాస్త గుండ్రంగా అరగదీసి, వెల్డింగ్ అతుకులకూ బోల్టులకూ బ్రష్‌తో విడిగా ఒక పూత వేస్తారు. ఆ తర్వాతే మొత్తానికి. కింద జింక్ పొడి కలిపిన మొదటి పూత, అంటే జింక్ ప్రైమర్ ఉంటే, గీత పడ్డచోట ఇనుముకు బదులు జింకే కరుగుతుంది. మధ్యలో ఎపాక్సీ, అంటే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే పూత, నీటి దారిని పొడిగిస్తుంది. ఎండకు ఎపాక్సీ సుద్దలా పొడిబారుతుంది కాబట్టి పైన ఎండను తట్టుకునే పాలీయురేథేన్ పూత వేస్తారు.

1890లో రైళ్లకు తెరిచిన స్కాట్లాండ్‌లోని ఫోర్త్ రైలు వంతెనకు రంగేయడం ఎప్పటికీ తెమలని పనికి మారుపేరయింది. చివరికి పాత పొరలన్నీ ఇనుము దాకా తీసేసి, గాజు రేకులు కలిపిన ఎపాక్సీ వేశారు. ఆ పని 2011లో పూర్తయింది. పాతికేళ్లయినా నిలుస్తుందని అంచనా. రంగు మారడం ఎంత ముఖ్యమో, ఇనుము దాకా వెళ్లడమూ అంతే ముఖ్యమని నా నమ్మకం.

నీటి అడుగు భాగానిది వేరే కథ. అక్కడ నాచు, బార్నకిల్స్ వంటి పెంకు జీవులు పట్టి పడవను బరువెక్కిస్తాయి. పూర్వం చెక్క ఓడలకు అడుగున రాగిరేకులు కొట్టేవారు. ఆ రాగి సముద్రపు నీటిలో కరిగిపోతోందని 1824లో ఇంగ్లండ్ రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ దానికి జింక్, ఇనుము ముక్కలు తగిలించాడు. రాగి కరగడం ఆగింది. దాంతో పెంకు జీవులు గుంపులుగా వచ్చి పట్టుకున్నాయి! నీటిలోకి కొద్దికొద్దిగా కరుగుతున్న రాగే వాటిని దూరంగా ఉంచుతోందని అప్పుడు తెలిసొచ్చింది. నేటి అడుగు రంగుల్లో చాలావాటి కిటుకు అదే. అల్యూమినియం పడవకు మాత్రం రాగి రంగు పనికిరాదు, రెండు లోహాలూ కలిస్తే పడవ లోహమే కరిగిపోతుంది.

రాగికంటే ఘాటైన ట్రైబ్యుటైల్ టిన్ అనే విషం అడుగు రంగుల్లో కొన్ని దశాబ్దాలు రాజ్యమేలింది. దానివల్ల ఫ్రాన్స్‌లోని ఆర్కషాన్ అఖాతంలో ఆల్చిప్పల పెంకులు వికృతంగా మందమెక్కాయి. లీటరు నీటిలో గ్రాములో వందకోట్లవ వంతు ఉన్నా కొన్ని ఆడ నత్తలకు మగ అవయవాలు మొలిచాయి. 2001లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం 2008లో అమల్లోకి వచ్చాక దాని వాడకం ఆగింది.

ఇప్పుడు విషం లేని సిలికోన్ పూతలూ వస్తున్నాయి. వాటికి ఏ జీవీ గట్టిగా అంటుకోలేదు, ఓడ వేగంగా కదిలితే రాలిపోతుంది. వాటి మీద మరో రంగు కూడా అంటుకోదు. రకం మార్చాలంటే ఆ పూతనంతా తీసేసి, అడుగునున్న ఇనుమును మళ్లీ మంచినీటితో కడగడం దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.