కౌన్సిల్ పెద్దదా, సెక్షన్ పెద్దదా: ఇండికాన్‌తో ముదిరిన పేచీ

ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ ఇంజినీర్ల అంతర్జాతీయ సంఘం ఐ ట్రిపుల్ ఈ (IEEE) హైదరాబాద్ సభ్యుల మధ్య పాత పంచాయితీ మళ్ళీ రాజుకుంది. ఇండికాన్ అనే జాతీయ సదస్సు ఎవరు నడపాలి, ఖర్చులు పోను మిగులు ఎవరికి దక్కాలి, సెక్షన్లనే స్థానిక శాఖల మీద వాటి ఉమ్మడి వేదిక ఇండియా కౌన్సిల్ మాట ఎంతవరకు చెల్లుతుంది అన్నవే ప్రశ్నలు. 1963లో అమెరికాలో రెండు సంఘాలు కలిసి ఐ ట్రిపుల్ ఈ అయిన కథ అందరికీ తెలిసిందే కాబట్టి వదిలేద్దాం. ఈ పేచీ అర్థం కావాలంటే 2004 డిసెంబరు దగ్గర మొదలుపెట్టాలి.

అంతకుముందు కౌన్సిల్ తరఫున ఏటా జరిగే సమావేశాన్ని ఏస్ అనేవారు. వార్షిక సమ్మేళనం, దానితోపాటు ప్రదర్శన. 2004లో ఖరగ్‌పూర్ ఐఐటీలో అది ఇండికాన్‌గా మారింది. ఇండికాన్‌లో సమర్పించిన పరిశోధన పేపరు ఐ ట్రిపుల్ ఈ ఆన్‌లైన్ గ్రంథాలయం ఎక్స్‌ప్లోర్‌లోకి ఎక్కుతుంది. ఎక్స్‌ప్లోర్‌లో పేపరు ఉందంటే ఇంజినీరింగ్ కాలేజీ లెక్చరర్‌కు ప్రమోషన్ ఇంటర్వ్యూలో చూపించుకోవడానికి ఒక ఆధారం దొరికినట్టే. ఇన్ని కాలేజీలున్న మన నగరంలో దాని విలువ వేరే చెప్పాలా? పేపర్లు పెరిగాయి, వాటితో రిజిస్ట్రేషన్ ఫీజులూ పెరిగాయి. సమన్వయం కోసం పుట్టిన కౌన్సిల్ చేతికి అందరూ కోరుకునే వస్తువు ఒకటి వచ్చింది: ఈ ఏడాది సదస్సు ఏ సెక్షన్‌కు ఇవ్వాలన్న నిర్ణయం. నా లెక్కలో ఇవాళ్టి గొడవకు వేరు అక్కడుంది.

ఎందుకంటే 1976లో కౌన్సిల్ ఏర్పడినప్పటి ఉద్దేశం ఇది కాదు. ఐ ట్రిపుల్ ఈ నిర్మాణంలో అసలు మెట్లు రెండే: సెక్షన్, దానిపైన రీజియన్. మనది ఆసియా-పసిఫిక్ దేశాల రీజియన్ 10. ఇరుగుపొరుగు సెక్షన్లు ఉమ్మడి పనుల కోసం కలిసి పెట్టుకునేదే కౌన్సిల్. అది ఆ రెండు మెట్ల మధ్య మూడో మెట్టు కాదు. రీజియన్ కమిటీలో సెక్షన్ ఛైర్ నేరుగా కూర్చుంటారు. కొత్త సెక్షన్ కావాలంటే విద్యార్థులు కాని సభ్యులు కనీసం 50 మంది సంతకాలతో అర్జీ పెట్టుకోవాలి. దాన్ని ఖరారు చేసే అధికారం కౌన్సిల్‌కు లేదు. ప్రధాన కార్యాలయం ఏటా రిబేటు పేరుతో ఇచ్చే డబ్బు కూడా సభ్యుల సంఖ్యను, పంపిన నివేదికలను బట్టి సెక్షన్‌కే వస్తుంది.

ఆ నివేదికల వెనక ఎవరి కష్టం ఉందో ఒక ఫిబ్రవరి సాయంత్రం శివారు కాలేజీ ల్యాబులో చూశాను. కాలేజీలోని విద్యార్థి సభ్యుల విభాగం, అంటే స్టూడెంట్ బ్రాంచ్ బాధ్యత చూసే మేడమ్ ఏడాది పొడుగునా జరిగిన ఉపన్యాసాల హాజరు పట్టీలు ముందేసుకుని ఐ ట్రిపుల్ ఈ నివేదికల వెబ్‌సైట్ వీటూల్స్‌లో ఒక్కొక్కటే ఎక్కిస్తున్నారు. సభ్యులు ఎంతమంది, బయటివాళ్ళు ఎంతమంది అన్నది విడివిడిగా రాయాలి. ఒక పట్టీలో సంతకాల మీద టీ ఒలికింది. ఆ రోజు వచ్చిన పిల్లలకు ఫోన్లు చేసి లెక్క సరిచూసుకున్నారు. కాలేజీ బస్సు అప్పటికే వెళ్ళిపోయింది. జీతంలో ఈ పనికి పైసా లేదు. సదస్సు వచ్చినా అంతే. 2011లో ఎనిమిదో ఇండికాన్‌ను, 2023లో ఇరవయ్యోదాన్ని హైదరాబాద్ సెక్షన్ నెత్తికెత్తుకుంది. హాళ్ళు మాట్లాడటం, అతిథుల కోసం శంషాబాద్‌కు కార్లు పంపడం, పేపర్లు దిద్దేవాళ్ళ వెంటపడటం అన్నీ స్థానికుల నెత్తిమీదే పడే పనులు. బ్యానర్ మీద పెద్దక్షరాల్లో ఉండేది మాత్రం కౌన్సిల్ పేరు. మిగులు పంపకాన్ని ఒప్పందంలో ముందే రాసుకుంటారు, నిజమే. కానీ సదస్సు కావాలని చెయ్యి చాచిన సెక్షన్ ఆ ఒప్పందం దగ్గర ఎంత గట్టిగా బేరమాడగలదు?

కౌన్సిల్ వైపు వాదనా ఉంది. చిన్న సెక్షన్లు ఒంటరిగా జాతీయ సదస్సు చేయలేవని, విద్యార్థులు, యువ నిపుణులు, మహిళా ఇంజినీర్లు కలిసే అఖిల భారత సమ్మేళనం లాంటివి ఉమ్మడిగానే సాధ్యమని, ప్రభుత్వంతో మాట్లాడాలంటే ఒక్క గొంతు కావాలని అంటారు. పైగా కౌన్సిల్ కార్యవర్గంలో కూర్చునేది సెక్షన్ల ఛైర్లే కదా అని కూడా అంటారు.

అదీ నిజమే. అయితే ఆ బల్ల చుట్టూ కుర్చీలు పెరిగాయి. ఒకప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల సభ్యులకూ హైదరాబాదే సెక్షన్. ఇప్పుడు విశాఖ కేంద్రంగా వైజాగ్ బే విడి సెక్షన్. ఈసారి ఇండికాన్ ఎవరికన్న చర్చ వస్తే అక్కడ విశాఖవాళ్ళ మాట విశాఖవాళ్ళే చెప్పుకుంటారు, హైదరాబాద్ తన మాట తాను చెప్పుకోవాలి.